అశోక్‌నగర్‌లో కీ అంటే

చేయవలసిన పనులు ఇవి.

అశోక్‌నగర్‌లో ఏదో ఒక లేడీస్ హాస్టల్లో దిగాలి.
చిక్కడపల్లి లైబ్రరీలో చదువుకునేవాళ్లలో కలిసిపోవాలి.
సంధ్య అనే అమ్మాయితో స్నేహం చేయాలి.
ఆమె 'మెటీరియల్' ఎక్కడ దాచిందో కనిపెట్టాలి.
'కీ' ఎవరి చేతికి వెళ్తుందో తెలుసుకోవాలి.
అవసరమైతే సంధ్యను న్యూట్రలైజ్ చేయాలి.

స్క్రీన్ మీద చివరి వాక్యం దగ్గర త్రివేణి చూపు ఆగిపోయింది. ఆమె డిగ్రీలో కెమిస్ట్రీ చదివింది. ల్యాబ్‌లో న్యూట్రలైజ్ అంటే యాసిడ్‌లో చుక్కచుక్కగా బేస్ పోసి, రంగు మారగానే చెయ్యి ఆపేయడం. ఇప్పుడు పనిచేసే గూఢచారి డిపార్ట్‌మెంట్‌లో ఆ మాటకు అర్థం వేరు. ఇక్కడ న్యూట్రలైజ్ అయిన మనిషి మర్నాటి పేపర్లో గుర్తుతెలియని శవం అవుతాడు.

హైదరాబాద్ కవాడిగూడలో పిండిగిర్ని మీద ఉన్న రెండు గదులే డిపార్ట్‌మెంట్ సేఫ్ హౌస్. కింద గిర్ని తిరుగుతుంటే పైన చాయ్ కప్పులు వణికేవి. ఆ చప్పుడులో మాటలు గోడ దాటవు. అందుకే ఆ ఇల్లు తీసుకున్నారు.

"జర ధ్యాన్ పెట్టి విను," అన్నాడు స్టేషన్ చీఫ్ విఠల్. "రెండు కేసులున్నయి. మొన్న కాచిగూడ లాడ్జిల ఒక ఇంజనీర్ చనిపోయిండు. మెడ మీద సూది గుచ్చిన గుర్తు. రక్షణ ల్యాబ్ మనిషి. నేవీ రేడియోల చిప్ ఒకటి ఆయన దగ్గర ఉండాలె, లేదు. కోబాల్ట్ పని."

కోబాల్ట్ ఒక విదేశీ ముఠాకు డిపార్ట్‌మెంట్ పెట్టుకున్న పేరు. ఏ దేశం జీతం ఇస్తే ఆ దేశానికి పనిచేస్తుంది.

"ఆ కేసు వేరే టీమ్ చూస్తున్నది. నీది రెండోది. రచన మేడం చెప్తరు."

రచన లేచింది. ఢిల్లీ నుంచి వచ్చిన కోడ్ నిపుణురాలు. చెవులకు ముత్యాలు, ఖరీదైన అత్తరు, తొణకని గొంతు. ఆమె గదిలోకి వస్తే పెద్ద ఆఫీసర్లు కూడా చొక్కా సర్దుకుంటారు.

"టెలిగ్రామ్‌లో ఒక గ్రూప్. వేల మంది సభ్యులు. అడ్మిన్ సంధ్య. మాకు దొరికిన మాటలు మూడు." స్క్రీన్ మారింది. "మెటీరియల్, అంటే పేలుడు పదార్థం. మెయిన్స్, అంటే కరెంటు సరఫరా. కీ, అంటే గ్రిడ్ మాస్టర్ కీ. సోమవారం మధ్యాహ్నం సబ్‌స్టేషన్ పేలుతుంది. ఫోర్స్ మొత్తం అక్కడ ఉండాలి."

త్రివేణి నవ్వు ఆపుకుంది. "మేడం, అశోక్‌నగర్‌లో మెటీరియల్ అంటే నోట్సు. ప్రతి జిరాక్స్ షాపులో దొరుకుతుంది. మెయిన్స్ అంటే గ్రూప్ వన్ రెండో దశ పరీక్ష. అది కూడా సోమవారమే."

"అది కవర్. నాకు అశోక్‌నగర్ తెలియదనుకోకు. సర్వీసుకు ముందు రెండేళ్లు అక్కడ హాస్టల్లో ఉన్నాను. మెయిన్స్ రాశాను. ఇంగ్లీషు మాటకు డిక్షనరీ అర్థం ఒకటి, ఫీల్డ్ అర్థం ఒకటి."

"ఏ ఫీల్డో కూడా చూడాలి కదా మేడం. మా నాన్న ఉపాధి పనికి పోతాడు. ఆయనకు ఫీల్డ్ అంటే హాజరు వేసే ఫీల్డ్ అసిస్టెంట్."

విఠల్ దగ్గు వచ్చినట్టు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. రచన నవ్వలేదు.

*

ఆదివారం పొద్దున చిక్కడపల్లి లైబ్రరీ ఆవరణలో ఎప్పటిలాగే కుర్చీ ఖాళీ లేదు. చెట్ల కింద, మెట్ల మీద, గోడ పక్కన, ఎక్కడ నీడ ఉంటే అక్కడ పుస్తకం ఉంది. త్రివేణి పాత చుడీదార్ వేసుకుని, జుట్టుకు నూనె పెట్టుకుని, భుజాన బ్యాగుతో వెళ్లి సంధ్య పక్కన చతికిలబడింది. చేతిలో బాల్ పెన్ను. పేలుడు పదార్థం వాసన తగిలితే దాని మూత ఎర్రబడుతుంది.

పెన్నును సంధ్య సంచి దగ్గర కింద పడేసి తీసింది. మూత రంగు మారలేదు. సంచిలో ఉన్నవి పులిహోర డబ్బా, తెలంగాణ ఉద్యమ చరిత్ర నోట్సు.

"మెటీరియల్ ఏమన్న ఉన్నదా?" అంది త్రివేణి.

సంధ్య తల ఎత్తకుండానే అడిగింది. "ఏ పేపర్ది కావాలె? ఉద్యమందైతే ఉట్టిగనే ఇస్త. ఎకానమీదైతే చాయ్ తాపాలె."

చాయ్ దగ్గర మాట కలిసింది. సంధ్యది సిద్దిపేట దగ్గర పల్లె. తల్లి ఎల్లవ్వ బీడీలు చుట్టి చదివించింది. ఆ ఇంట్లో డిగ్రీ మొహం చూసిన మొదటి మనిషి ఆమే. ఐదేళ్లుగా అశోక్‌నగర్ హాస్టల్లో నలుగురితో ఒకే గది. రేపటి మెయిన్స్ పోతే మళ్లీ నోటిఫికేషన్ ఎప్పుడో, అప్పటికి వయసు దాటుతుందో లేదో ఎవరూ చెప్పలేరు.

"గ్రూప్ నడపడం కష్టం కాదా?" అడిగింది త్రివేణి.

"దిమాక్ ఖరాబైతది అక్కా. మొన్న ఎవలో గిది వెట్టిన్రు, సూడు."

ఫోన్ చూపించింది. ఇంగ్లీషులో ఒక మెసేజ్. మెయిన్స్ కీ సిద్ధంగా ఉంది, సోమవారం సెంటర్ దగ్గర కౌంటర్‌లో తీసుకోవాలి అని. దాని కింద సంధ్య జవాబు: 'మెయిన్స్‌కు కీ ఏంది? ఎవలు నువ్వు?' ఆ తర్వాత ఆ సభ్యుడిని గ్రూప్ నుంచి తీసేసింది.

"మస్తు నవ్వొచ్చింది. ప్రిలిమ్స్ అంటే బిట్లు, దానికి కీ ఉంటది. మెయిన్స్ అంతా వ్యాసాలాయె. వ్యాసానికి కీ ఎట్లుంటది? ఆ రాసినోడు అశోక్‌నగర్ మొకం సూడలే."

త్రివేణి చేతిలో చాయ్ చల్లారిపోయింది. నిన్నటి స్క్రీన్ మీద మెయిన్స్ ఉంది, కీ ఉంది. రెండూ కలిసిన ఈ వాక్యం మాత్రం లేదు. సంధ్య జవాబు అసలే లేదు. ఎవరో తీసేశారు.

కీ అంటే తాళంచెవి. పరీక్ష రాసేవాళ్లకు జవాబుల పట్టిక. కోడ్ పని చేసేవాళ్లకు రహస్య సందేశాన్ని విప్పే అంకెల వరుస. నేవీ రేడియోల చిప్‌లో ఉండేది సరిగ్గా అదే.

కేసులు రెండు కావు, ఒక్కటే. ఆ మెసేజ్ వేల మంది మధ్యలోంచి కోబాల్ట్ మనిషికి పంపిన కబురు. కాచిగూడలో పోయిన చిప్ రేపు పరీక్ష సెంటర్ దగ్గర చేతులు మారుతుంది. ఫోర్స్ అంతా సబ్‌స్టేషన్ చుట్టూ కాపలా కాస్తూ ఉంటుంది. వేల మందిలో ఆ మెసేజ్‌ను ప్రశ్నించిన ఒకే ఒక్క మనిషి న్యూట్రలైజ్ లిస్టులో ఉంది.

*

సాయంత్రం నారాయణగూడలో ఇరానీ కేఫ్. రచన ముందు ఉస్మానియా బిస్కెట్ల ప్లేటు. త్రివేణి రిపోర్టు ఇచ్చింది. ఇవ్వాల్సినంతే ఇచ్చింది.

"సంచిలో నోట్సు తప్ప ఏమీ లేదు మేడం."

"ఇంకెక్కడో దాచింది."

"అయ్యుండొచ్చు." త్రివేణి బిస్కెట్ చాయ్‌లో ముంచింది. "అక్కడ పిల్లల్ని చూస్తే నా పాత రోజులు గుర్తొచ్చాయి. నేను ప్రిలిమ్స్‌లోనే పోయాను. మీరు మెయిన్స్ దాకా వెళ్లారు కదా. కీ చూసుకుంటే ఎన్ని మార్కులు వచ్చాయి?"

"ఆ రోజు మర్చిపోలేను." రచన చిన్నగా నిట్టూర్చింది. "హాస్టల్ మెట్ల మీద కూర్చుని కీతో సరిచూసుకున్నాను. నాలుగు మార్కుల్లో పోయింది."

"అయ్యో," అంది త్రివేణి. బిస్కెట్ విరిగి చాయ్‌లో పడిపోయింది.

బయటికి వచ్చి విఠల్‌కు ఫోన్ చేసింది.

"దిమాక్ ఉన్నదా నీకు?" అన్నాడాయన. "ఒక్క మాట పట్టుకొని ఢిల్లీ ఆఫీసర్ను డబుల్ ఏజెంట్ అంటవా? మెసేజ్ ఆమె తీసేసిందని ప్రూఫ్ ఉన్నదా? పైనుంచి ఆర్డర్ వచ్చింది. రేపు పరీక్షకు ముందే ఆ పిల్లను లేపాలె."

"నేను చేయను సార్."

"ఇది ఆర్డర్."

"అయితే కాగితం మీద రాసి, సంతకం పెట్టి ఇవ్వండి. న్యూట్రలైజ్ అని కాదు. చంపమని తెలుగులో రాయండి."

అవతల కిటికీ తెరిచినట్టు గిర్ని చప్పుడు పెరిగింది.

"నా ఫోన్ల సిగ్నల్ బాగలేదు," అన్నాడు విఠల్. "నువ్వేం చెప్పినవో నాకు వినపడలే. రేపు నువ్వు ఎక్కడుంటవో కూడా నాకు తెల్వది. జర పైలం, బిడ్డా."

*

సోమవారం త్రివేణి సంధ్యను హాస్టల్ వెనక సందులోంచి బయటికి తీసుకొచ్చింది. ఇద్దరూ నారాయణగూడ వైపు నడిచారు.

"నేను చదువుకునేదాన్ని కాదు సంధ్యా."

"తెల్సు అక్కా. నిన్న పొద్దంత కూసున్నవ్, ఒక్క పేజీ తిప్పలే. పోలీసా?"

"అట్లాంటిదే. నిన్ను ఉగ్రవాది అంటున్నరు."

సంధ్య ఆగిపోయింది. "నన్నా? ఎందుకు?"

త్రివేణి నడుస్తూనే అంతా చెప్పింది. మెటీరియల్ అంటే బాంబు అనడం, మెయిన్స్ అంటే కరెంటు అనడం, మెయిన్స్‌ను కీతో సరిచూసుకున్నానన్న మేడం. సంధ్యకు ముందు కోపం వచ్చింది. తర్వాత నవ్వొచ్చింది.

"ఐదేండ్లు ఒక్కొక్క ఇంగ్లీష్ మాట నేర్సుకున్న అక్కా. వాళ్ల అర్థం నా నెత్తిన పెడ్తె ఊకుంటనా? నేను పరీక్ష రాస్త. ఎవడొస్తడో రానీ."

పరీక్ష సెంటర్ నారాయణగూడలో ఒక కాలేజీ. గేటు ముందు జనం కిక్కిరిసి ఉన్నారు. నిమిషం ఆలస్యమైనా లోపలికి పంపరని మైకులో చెబుతూనే ఉన్నారు. కొంచెం దూరంలో టేబుల్ వేసుకుని ఒకడు బ్యాగులు, ఫోన్లు దాచిపెట్టి టోకెన్లు ఇస్తున్నాడు. దాన్నే ఇక్కడ కౌంటర్ అంటారు.

"నువ్వు గేటు దగ్గరికి పో," అంది త్రివేణి. "వెనక్కి చూడకు."

సంధ్య జనంలోకి వెళ్లింది. త్రివేణి కౌంటర్ వైపు నడిచింది. వరుసలో ముందున్న ఆమెకు కాటన్ చుడీదార్, లావు కళ్లద్దాలు, మెడలో హాల్‌టికెట్ పౌచ్. వేషం బాగానే కుదిరింది. అత్తరు మాత్రం నిన్నటిదే. రచన తన బ్యాగ్ టేబుల్ మీద పెట్టింది. టోకెన్ల వాడు దాన్ని మిగతా బ్యాగుల్లో కలపకుండా తన కాళ్ల దగ్గర పెట్టుకున్నాడు. పక్కనే బైక్ స్టార్ట్ అయి ఉంది.

త్రివేణి అడుగు వేసేలోగా పక్కటెముకల దగ్గర సన్నగా ఏదో తగిలింది. రచన పక్కకు వచ్చి స్నేహితురాలిలా భుజం మీద చెయ్యి వేసింది. రెండో చేతిలో పెన్ను. కొనకు సూది.

"కదిలితే ఇంజనీర్ పక్కన పడుకుంటావు. అతను బయల్దేరేదాకా నవ్వుతూ నిలబడు."

గేటు ఒక రెక్క మూస్తున్నారు. సంధ్య ఆ రెక్క దగ్గరే ఉంది. చూడొద్దన్నా వెనక్కి తిరిగి చూసింది. త్రివేణి చెయ్యి ఊపింది.

"సంధ్యా, మంచిగ రాయి! ఈ మేడం కూడా మెయిన్స్ రాసిందంట. కీ చూసుకుందంట!"

రచనకు ఆ మాటలో తప్పేమీ కనబడలేదు. వీడ్కోలు మాట అనుకుని ఊరుకుంది.

సంధ్య ఒక్క క్షణం నిలబడింది. ముందు గేటు, వెనక త్రివేణి. లోపలి నుంచి ఎవరో, "రామ్మా, తొందరగా," అని పిలుస్తున్నారు. ఆమె గేటుకు వీపు తిప్పి, గొంతు చించుకుని అరిచింది.

"అన్నలూ! గా అద్దాల ఆమె మెయిన్స్ కీ అమ్ముతున్నది! గా టోకెన్లిచ్చెటోని దగ్గర ఉన్నది! పట్టుకోండ్రి!"

తమ్ముళ్లను సెంటర్‌లో దింపడానికి వచ్చినవాళ్లు, హాస్టల్ స్నేహితులు, నిన్నటిదాకా పేపర్ లీకుల మీద ధర్నాలు చేసినవాళ్లు అందరూ ఒకేసారి తిరిగారు. మెయిన్స్‌కు కీ ఉండదని వాళ్లందరికీ తెలుసు. ఉందని ఎవరన్నా అంటే అది దొంగతనమేనని ఇంకా బాగా తెలుసు.

"ఏ కీ అమ్ముతున్నవ్?"

"మల్ల లీకా? మా బతుకులతోటి ఆడుకుంటున్రా?"

"బైక్ తాళం గుంజురా!"

టేబుల్ తలకిందులైంది. రచన ఆ కోపాన్ని చూసి బిత్తరపోయింది. అదే చాలు. త్రివేణి ఆమె మణికట్టు మెలిపెట్టింది. సూది పెన్ను రోడ్డు మీద పడి ఎవరి చెప్పు కిందో నలిగిపోయింది. టోకెన్ల వాడి మీద పదిమంది కూర్చున్నారు. అతని కాళ్ల దగ్గరి బ్యాగ్‌లో పవర్ బ్యాంక్, అందులో చిటికెన వేలి గోరంత చిప్.

"దేనికి ఇంత గొడవ?" అంది రచన నమ్మలేనట్టు. "కీ అనే కదా అంది!"

"అశోక్‌నగర్‌లో ఆ మాటకు అర్థం తెలుసుకోవాల్సింది మేడం," అంది త్రివేణి.

వెనక గేటు మూసుకుంది.

త్రివేణి పరుగెత్తి కార్డు చూపించింది. గేటు దగ్గరి ఆఫీసర్ నొచ్చుకున్నాడు. అయినా తల అడ్డంగా ఊపాడు. "ఎవరొచ్చినా గదే రూల్ మేడం. ఒక్కరికి తెరిస్తే మిగతోళ్లకు ఏం చెప్పాలె?"

"దేశం కోసం..."

"అక్కా." సంధ్య ఆమె చెయ్యి పట్టుకుంది. కళ్లు నిండాయి. గొంతు మాత్రం గట్టిగా ఉంది. "బతిమిలాడకు. రూల్ మంచిదే. నేనే ఆగిన, ఎవలు ఆపలే. మెయిన్స్ పోయింది, నేను పోలే. నోటిఫికేషన్ రానీ. వయసు ఉంటే రాస్త, లేకుంటే రాసెటోళ్లకు చెప్త."

*

ఢిల్లీకి పంపిన రిపోర్టులో త్రివేణి ఆమె పేరు, ఊరు, తల్లి పేరు అన్నీ రాసింది. సంతకం కోసం తిరిగొచ్చిన కాపీలో పేరున్న చోటల్లా ఒకే మాట ఉంది: సోర్స్.

"పరేషాన్ గాకు," అన్నాడు విఠల్. "మన దగ్గర సోర్స్ అంటే గంతే. పేరు ఉండొద్దు."

"లైబ్రరీలో సోర్స్ అంటే పేరు చెప్పడమే సార్. ఏ పుస్తకం, ఎవరు రాశారు అని. చెప్పకపోతే ఆ మాటను ఎవరూ నమ్మరు."

"గది లైబ్రరీ. గిది డిపార్ట్‌మెంట్."

త్రివేణి ఆ కాపీ మీద సంతకం చేయలేదు. ఢిల్లీ నుంచి రిమైండర్లు వస్తూనే ఉన్నాయి. దేశాన్ని కాపాడిన ఆ ఆపరేషన్ కాగితాల మీద ఇప్పటికీ పెండింగ్‌లోనే ఉంది.

మీరు ఎప్పుడైనా చిక్కడపల్లి వైపు వెళ్తే, లైబ్రరీ చెట్ల కింద నలుగురిని కూర్చోబెట్టుకుని పాఠం చెప్పే ఒకామె కనిపిస్తుంది. పలకరించకపోయినా ఫర్వాలేదు, చదువుకునేవాళ్లకు ఆటంకం. ఆమె పేరు మాత్రం గుర్తుపెట్టుకోండి. సంధ్య. ఎల్లవ్వ బిడ్డ.