దారి లేని వరుస

మధ్యాహ్నం రెండున్నర. అందరూ భోజనాలకి వెళ్లారు. గదిలో నేనూ, ఆసుపత్రి నుంచి పరీక్షకి వచ్చిన, రోగి నరంలోకి మందు ఎక్కించే పంపూ. ఏసీ చప్పుడు తప్ప ఇంకేం లేదు.

ప్రోగ్రాములు నడపకుండానే వాటిలో తప్పులు పట్టడం నా పని. ఏ వరుస నుంచి ఏ వరుసకి దారి ఉందో మా టూల్ డబ్బాలూ బాణాలూ గీసి చూపిస్తుంది. ఏ బాణమూ చేరని డబ్బా ఉంటే, అది ఎప్పటికీ నడవదని హెచ్చరిస్తుంది. ఆ హెచ్చరిక ఉత్తిదే అనిపిస్తే దాని నోరు మూయించొచ్చు. మూయించినవాడు పక్కన తన ఉద్యోగి నంబరు వెయ్యాలి.

ఈ పంపు ప్రోగ్రాంలో, మందు అయిపోతే అలారం మోగించే వరుసకి దారే లేదని టూల్ ఏనాడో చెప్పింది. ఆ సాయంత్రమే పంపులు బయటికి వెళ్లాలి. 'ఉత్తిదే' అని రాసి, నా నంబరు కొట్టి, టీకి పోయాను. చేతులారా చేశాను.

ఆ పంపే పిన్నికి పెడతారని నాకేం తెలుసు? నన్ను పెంచిన పిన్ని. పోయిన నెల పన్నెండున, మధ్యాహ్నం రెండూ నలభైకి మందు అయిపోయింది. ఎవరూ చూసుకోలేదు, పిన్ని పోయింది. పక్క కుర్చీలో బాబాయి కునుకు తీస్తున్నాడు.

"మోగుంటే లేచేవాణ్ణి కదురా! లేక మోగినా నాకే వినబడలేదా?" అంటాడు కనబడినప్పుడల్లా. తప్పంతా తన నిద్రదే అనుకుని కుమిలిపోతున్నాడు. నేనేమో నోట్లో బెల్లంగడ్డ పెట్టుకున్నట్టు కూర్చుంటాను. సిగ్గులేని బతుకు.

పరీక్షలో ఏం తేలిందో కనుక్కోడానికి ఇవాళ ఆయన వస్తానన్నాడు. పంపు బాగానే ఉందని చెప్పేద్దామనుకున్నాను. ముందు నా రాతా, నా నంబరూ చెరిపేశాను.

టూల్ మళ్లీ గీసింది. ఆ డబ్బాకి... బాణం ఉంది.

ప్రోగ్రాంలో ఒక్క అక్షరం కూడా మార్చలేదు నేను. బాణం ఎక్కణ్ణుంచి వస్తోందో చూద్దామని కిందికి జరిపాను. ఇంకా కిందికి... దాని మొదట్లో పేరు లేని డబ్బా. గదిలో స్పిరిట్ వాసన. పిన్ని మంచం దగ్గర వచ్చేదే.

పంపు మోగింది.

ప్లగ్గు లేదు. బ్యాటరీ నేనే తీసి సొరుగులో పెట్టాను. అయినా కుయ్... కుయ్... ఎవరైనా వింటారేమో. ఆలోచించలేదు. అలారం ఆపే బటన్ నొక్కేశాను.

ఆగింది. చిన్న తెర వెలిగింది. అలారం ఆపిన తేదీ, పోయిన నెల పన్నెండు. సమయం, రెండూ నలభై. ఆపినవారు... నా నంబరు.

గుమ్మంలో బాబాయి నిలబడి ఉన్నాడు. ఎప్పుడొచ్చాడో.

"ఇదేరా ఆ చప్పుడు," అన్నాడు మెల్లగా. "ఆరోజు నిద్దట్లో విన్నాను. కల అనుకున్నాను. లేద్దామనేలోపు ఎవరో ఆపేశారు."