ఫాతిమా బీ తుంటి ఎముక

షాకిర్ తెల్లగుడ్డ మూటను డిటెక్టివ్ అమృతవల్లి బల్లమీద పెట్టాడు.

"అక్కా, నిన్న ఎమ్మిగనూరు ఆస్పత్రిలో మా అమ్మ ఫాతిమా బీకి తుంటి మార్చినారు. తీసిన ఎముక మాకియ్యమంటిమి. ఒంట్లోంచి తీసింది ఏదైనా మేము మట్టి చేయాల గదా. విప్పొద్దని చెప్పి పొద్దున ఇచ్చినారు. ఈడ ఆదోని ఖబరస్తాన్ కాడికి వచ్చేసరికి వాసనొచ్చింది. అల్లంవెల్లుల్లి వాసనక్కా!"

మూట విప్పగానే ఆమె సహాయకుడు ఉమేర్ ముక్కు మూసుకున్నాడు. పసుపంటిన ఎముక, ఒక కొసన కత్తివేటు.

"డాక్టర్లు రంపంతో కోస్తారు," అంది అమృతవల్లి. " ఇది ఎవరో తిని పారేసిన పొట్టేలు ఎముక. మీ అమ్మకు వేరే జబ్బుందా?"

"రక్తంలో కామెర్ల క్రిమి ఉండాదని డాక్టరే చెప్పినాడు."

అమృతవల్లి లేచి పోలీసులకు ఫోన్ చేసింది. "షాకిర్, నువ్వూ రా. ఉమేర్, బండి తియ్. తీసిన తుంటి ఎముకను ఇంకొకరికి అతుకు వేస్తారు. అసలు ఎముక ఎవరి ఒంట్లోకి పోతాందో చూడాల."

ఎమ్మిగనూరు ఆస్పత్రి గేటు మీద 'మాంసాహారం తేరాదు' అని బోర్డు. ఆపరేషన్ థియేటర్ ముందు స్ట్రెచర్ మీద గాయత్రి ఉంది. మగ్గం నేసే వాళ్ల పిల్ల, విరిగిన కాలు అతకలేదు. దానమిచ్చిన ఎముక కోసం ఏడాదిగా ఎదురుచూపు. అది ఈరోజే దొరికిందట.

ఫాతిమా బీకి ఆపరేషన్ చేసిన డాక్టర్ రంగనాథం పుల్లతో పళ్లు కుట్టుకుంటూ వచ్చాడు. వెనకే నల్లబట్టలతో, అయ్యప్ప మాలతో థియేటర్ సహాయకుడు శేషన్న.

"షాకిర్ తెచ్చిన మూట విప్పి చూశాం," అంది అమృతవల్లి. అంతే అంది.

"ఛీ! నేను పుట్టి బుద్ధెరిగాక మాంసం ముట్టలేదు. శేషన్నే మార్చి ఉంటాడు!"

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టే అయింది.

పోలీసులు రాగానే ఆమె అందరినీ అక్కడే నిలబెట్టింది.

"మాంసం మాట నేనెత్తలేదు డాక్టర్. థియేటర్లో ఎముక చేతబట్టేది మీరిద్దరే. మాలలో ఉన్న సామి మాంసం జోలికి పోడు. మీ పంటి సందులో ఇరుక్కున్నదేమిటి? శేషన్నా, ఫ్రిజ్ తెరువు."

డబ్బాలో రంపంతో కోసిన, అరిగిన తుంటి ఎముక ఉంది. దానమిచ్చిన ఎముకలు పరీక్షించి దాచే ఎముకల బ్యాంకు సీలు లేదు.

"బ్యాంకులో యాడ దొరుకుతాండాయి?" రంగనాథం అరిచాడు. "అందరూ కాలుస్తారు, పూడుస్తారు. ఇచ్చేదెవరు? ఆ పిల్ల నడవొద్దా?"

"కామెర్ల క్రిమితోనా?" అంది అమృతవల్లి.

"మమ్మల్ని అడిగినావా సార్?" షాకిర్ ముందుకొచ్చాడు. "అడగకుండా, మేం నమాజు చదివే చేతుల్లో నీ ఎంగిలి పెట్టినావే!"

ఉమేర్ గోడవైపు తిరిగి ఉమ్మేశాడు. పోలీసులు డాక్టర్‌ను తీసుకుపోయారు. షాకిర్ కూలబడి రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు.

దొరికిన ఎముకా పోయిందని గాయత్రి ఏడ్చి ఏడ్చి, అతని వైపు తల తిప్పింది.

"అన్నా, ఆ అవ్వ ఎట్లుండాది?"

పొద్దుటి నుంచి ఆ ఆస్పత్రిలో ఆ మాట అడిగింది ఆ పిల్లొక్కతే.