నిలువు కొలత

మిట్టమధ్యాహ్నం! మనిషి నీడ మనిషి పాదాల కిందే ముడుచుకుని చచ్చిపడే వేళ... అర్ధరాత్రికి భయపడేవాళ్ళు అమాయకులు. అర్ధరాత్రి కనీసం దీపం వెలిగించుకోవచ్చు. నడినెత్తిన సూర్యుడు మండుతుండగా జరిగే క్షుద్రానికి ఏ దీపం అడ్డం?

ఆ వేళ మేస్త్రి తన ఇంట్లో, నిద్రపోతున్న భార్య పక్కన, మోకాళ్ళ మీద కూర్చున్నాడు. చేతిలో గుండు దారం. గోడ నిటారుగా లేచిందో లేదో చూడడానికి రోజూ వాడే దారమే. దాని కొసనున్న ఇనుపగుండు విప్పి పక్కన పెట్టాడు. ఒక కొస ఆమె మడమకు ఆనించాడు. రెండో కొస పట్టుకుని పైకి లాగాడు. మోకాలు... నడుము... మెడ... ఎంత పొడుగు! దారం ఆమె మాడుకు చేరింది. అక్కడ ముడి వేశాడు.

చూరు కింద గుడ్లగూబ కూసింది. పట్టపగలు!

ఆమె కదిలింది. "ఏంటయ్యా?"

"ఈగ. పడుకో."

నమ్మింది. అటు తిరిగి పడుకుంది. మొగుడి మాట నమ్మి కళ్ళు మూసుకున్న ఆడదానికంటే దిక్కులేనిది లోకంలో లేదు.

ఆమెను అందరూ నిచ్చెన అనేవాళ్ళు. మేస్త్రి నెత్తి ఆమె చెవిదాకా కూడా రాదు. పనిలోకి వస్తే చాలు, కూలీలు మొదలుపెట్టేవాళ్ళు.

"ఏం మేస్త్రీ, ఇంట్లో మాట్లాడాలంటే పరంజా కట్టుకుంటావా?"

"వదిన తిడితే వినపడదులే అన్నకి. పైనుంచి పైనే పోతాయి!"

అతనూ నవ్వేవాడు. నవ్వి, ఇంటికొచ్చి కంచం విసిరేవాడు.

ఇల్లు అతనే కట్టాడు. గుమ్మం తన ఎత్తుకు పెట్టాడు. ఆమె వంగి లోపలికి రావాలి, వంగి బయటికి పోవాలి. మరిచిపోయిన రోజు నుదురు పగిలేది. ఆ మచ్చలు ఒకదానిమీద ఒకటి పడి గట్టిపడ్డాయి.

"రెండు వరసలు లేపరాదా?" అని అడిగేది. "ఊరందరి గుమ్మాలూ లేపుతావు."

"ఇల్లు నాది. వంగి రా."

అతనికి దక్కే ఎత్తు ఒక్కటే. మిల్లులకు పొగగొట్టాలు కట్టడంలో అతన్ని మించినవాడు లేడు. గొట్టం పూర్తయిన రోజు, ఆఖరి ఇటుక పెట్టేముందు, పైనుంచి అడుగుదాకా గుండు దారం వదిలి చూస్తారు. ఆ దారం పట్టుకున్నవాడిదే ఆ ఎత్తు అని తాపీ పనివాళ్ళ మాట. వంకర తేలితే తిట్లు వాడికే, నిటారుగా నిలిస్తే పేరూ వాడికే. ఆ కాసేపూ మేస్త్రి కంటే పొడుగువాడు ఉండేవాడు కాదు.

కానీ కొత్త మిల్లు పొగగొట్టం నిలబడలేదు. సగం లేచి కూలింది. మళ్ళీ కట్టాడు. మళ్ళీ కూలింది. మిల్లు యజమాని ఒక మాంత్రికుణ్ణి తీసుకొచ్చాడు.

వాడు... మనిషేనా? చొక్కా చేతులు మోచేతుల దగ్గరే ఆగిపోయాయి. నిలబడితే మెడ ముందుకు వంగి ఉండేది, ఏ కప్పు కింద ఉన్నా అది తక్కువే అన్నట్టు. మిల్లు వెనక ఇటుకల కుప్ప చాటున మేస్త్రిని కూర్చోబెట్టుకుని, సంచిలోంచి ఒక కపాలం తీశాడు. పిడికిలంత కపాలం!

"పసిపిల్లదా స్వామీ?"

"పళ్ళు చూడు."

చూశాడు. అరిగిన పళ్ళు. కాపురం చేసి, ఏళ్ళ తరబడి అన్నం నమిలిన మనిషి పళ్ళు.

"నా పెళ్ళాం," అన్నాడు మాంత్రికుడు. "నేనూ ఒకప్పుడు నీలాంటివాణ్ణే. నీకంటే పొట్టివాణ్ణి."

మేస్త్రి లేచి పోవలసింది. పోలేదు.

"ఎత్తుగా నిలవాలంటే గొట్టానికి ఎత్తు కావాలి. నీ ఇంట్లో వృథాగా ఉంది. ఆమె నిలువు కొలత తీసుకురా, పునాదిలో పెడదాం. భయపడకు. నీ భుజం దాకా దిగి ఆగిపోతుంది. నీ భుజం దాకా! ఆలోచించుకో."

ఆలోచించుకున్నాడు. అదే అతని పాపం. తెలియక చేసినవాడికి క్షమాపణ ఉంటుందేమో. ఇతను కళ్ళు తెరిచి, కొలిచి, ముడి వేసి ఇచ్చాడు.

పునాది గోతిలో దారం పెట్టి, దానిమీద మేస్త్రి మొదటి ఇటుక పెట్టాడు. గొట్టం అడుగున, సరిగ్గా మధ్యలో, మాంత్రికుడు కపాలాన్ని కాపలా కూర్చోబెట్టాడు. ఆకాశంలో మబ్బుతునక లేదు. అయినా ఉరిమింది!

గొట్టం లేవసాగింది.

ఒకరోజు ఆమె బిందెతో గుమ్మం దాటి లోపలికొచ్చింది. వంగలేదు. నుదురు తగల్లేదు. మధ్య గదిలో ఆగి, వెనక్కి తిరిగి గుమ్మం వంక చూసింది.

"నాకోసం లేపావా?" అంది. ఆమె ముఖంలో ఎంత వెలుగు!

మేస్త్రి తల దించుకున్నాడు. ఆ పూట మాత్రం ఆమె పక్కన నిలబడి చూసుకున్నాడు. సరిసమానం. ఆ రాత్రి హాయిగా నిద్రపోయాడు, పాపాత్ముడు.

కొన్నాళ్ళకు ఆమె భుజం దాకా దిగింది. ఆగలేదు. బట్టల అంచు నేలమీద ఈడ్చుకుపోయింది. అటక మీది డబ్బా అందలేదు. తరువాత గట్టు మీది పొయ్యి అందలేదు. గాజులు మోచేతి పైకి జారాయి... చెప్పులు పడవలయ్యాయి... అటు ఇటుక లేస్తోంది, ఇటు ఆమె దిగుతోంది! వైద్యుడు చూసి, సంచి సర్దుకుని పోయాడు.

మేస్త్రి మాంత్రికుడి కాళ్ళ మీద పడ్డాడు.

"భుజం దాకా అన్నావు కదా స్వామీ!"

"అన్నాను." వాడి మెడ ఇంకాస్త పొడుగు సాగింది. "నాకూ ఎవడో అలాగే అన్నాడు. పని ఆపుతావా? ఇంకొకడు కడతాడు. గొట్టం కూలుస్తావా? కొలత దాని కింద ఉంది. అది కూలితే ఆమె నలుగుతుంది. ఆఖరి ఇటుక పెట్టు, పీడ విరగడవుతుంది!"

ఆమెకు తెలిసిపోయింది. ఒక మధ్యాహ్నం అతను అన్నం కలిపి ఆమె ముందు పెట్టాడు. పీట మీద కూర్చున్న ఆమె కాళ్ళు నేలకు ఆనడం లేదు.

"ఆ రోజు ఈగ అన్నావు," అంది.

మేస్త్రి నీళ్ళ చెంబు ఆమె ముందుకు జరిపాడు.

"నా మాడు దగ్గర నీ వేళ్ళు తగిలాయి. నిమురుతున్నావనుకున్నాను. పెళ్ళయ్యాక ఎప్పుడూ నిమరలేదు కదా... అందుకే ఇంకేమీ అడక్కుండా పడుకున్నాను."

అతను నోరు తెరిచేలోపు ఇల్లంతా దద్దరిల్లేట్టు ఉరిమింది. ఆమె కళ్ళు వెనక్కి తిరిగాయి. వెన్ను విల్లులా వంగింది. ఆ చిన్న గొంతులోంచి, ఎవరిదో, ఎండిన బావిలోంచి వచ్చినట్టున్న నవ్వు!

"నా మొగుడూ ఈగే అన్నాడు!" అంది ఆ గొంతు. "పిడికిలంత అయ్యేదాకా కొలిచాడు! మేస్త్రీ... మీ పనిలో దారం పట్టుకున్నవాడిదేరా ఎత్తు?"

"అవును..." అన్నాడు మేస్త్రి.

"అయితే వాడి చేతికివ్వు! ఈ కొస వాడికి... ఆ కొస నాకు! వాడు అందరి కొలతా తీశాడు... వాడి కొలత నేను తీస్తా!"

ఆమె పీట మీదినుంచి కింద పడింది. లేపబోతే అతని చెయ్యి తోసేసింది. అది ఆమె సొంత చెయ్యే.

"విన్నాను," అంది రొప్పుతూ. "పొగదారిలోంచి గొట్టం అడుగుకు నేను వెళతాను. ఇప్పుడు అందులో పట్టేది నేనే. నువ్వు పైన ఉండు. ఈసారైనా చెప్పిన పని చెయ్యి."

ఆఖరి రోజు. మళ్ళీ మిట్టమధ్యాహ్నమే! కొలిమినుంచి గొట్టం అడుగుకు పొగ తీసుకుపోయే ఆ ఇరుకు దారి ముందు మేస్త్రి ఆమెను చంక దించాడు. అతని మోకాలి ఎత్తున ఉంది. వెనక్కి చూడకుండా చీకట్లోకి పాకింది.

అతను పరంజా ఎక్కాడు. పైన గాలి ఈడ్చి కొడుతోంది. గొట్టం అంచున మాంత్రికుడు కాళ్ళు ఎడంగా పెట్టి నిలబడ్డాడు. నీడ వాడి కాళ్ళ కిందికి చేరుతోంది. ఒక గుడ్లగూబ ఎక్కణ్ణించో వచ్చి పరంజా కొన మీద వాలింది.

"పెట్టు ఇటుక!"

"ముందు గుండు వదలాలి స్వామీ. పని పద్ధతి." మేస్త్రి ఇనుపగుండు గొట్టంలోకి వదిలాడు. దారం సాగింది... సాగింది... అడుగున తగిలింది. దారం సడలింది.

కింద, నల్లటి చీకట్లో, చిన్న చిన్న వేళ్ళు గుండు ముడి విప్పుతున్నాయి. ఇటుకపొడి కళ్ళలో పడుతోంది. కపాలం తడిమి పట్టుకుంది. ఇప్పుడు ఆమె తల దానికంటే పెద్దదేం కాదు. కంటి గుంటల్లోంచి దారం దూర్చింది. ముడి జారింది. మళ్ళీ వేసింది...

"ఇంకా ఎంతసేపురా!" మాంత్రికుడు అరిచాడు. "పొద్దు వాలితే నిన్ను ఇక్కణ్ణించి తోస్తా!"

దారం రెండుసార్లు కదిలింది. పని అయిందని కిందినుంచి సైగ.

మేస్త్రి అంచు మీదినుంచి లోపలికి వంగి చూశాడు. "నిటారుగానే ఉంది స్వామీ. ఇంత ఎత్తు నేనెప్పుడూ కట్టలేదు. దారం పట్టుకున్నవాడిదే ఎత్తు అంటారు మాలో. పేరు ఊరికే పోతుందా... కాసేపు నేనే పట్టుకుంటా."

వాడి కళ్ళు మెరిశాయి. ఎంత దొంగిలించినా తీరని ఆకలి అది!

"నీదా ఎత్తు? నువ్వా, పొట్టి కుంకా! ఇలా తే!"

లాక్కున్నాడు. వేలికి చుట్టుకున్నాడు. కనుబొమలు ముడిపడ్డాయి.

"గుండు... తేలిగ్గా ఉందేంటి?"

అడుగునుంచి జవాబు వచ్చింది. నవ్వు! గొట్టం పొడవునా ఇటుక ఇటుకకీ తగులుతూ పైకి లేచిన నవ్వు!

"కొలుస్తున్నా... కదలకు! ఈగ!"

దారం బిగిసింది. వాడి వేలు సాగింది. తరువాత చెయ్యి... భుజం... మెడ... "వద్దే! వద్దు!" అని వాడు వేసిన కేక కూడా సాగిపోయి సన్నటి ఈలైంది. కోరుకున్న ఎత్తు వచ్చింది వాడికి. మొత్తం గొట్టమంత ఎత్తు! పిండిలా, తీగలా, ఒత్తిలా సాగి సాగి, అంచు మీదినుంచి లోపలికి జారి, పైనుంచి అడుగుదాకా ఒకే ఒక్క మనిషి పోగై వేలాడాడు. గాలికి ఒక్కసారి ఊగాడు. పుటుక్కున తెగాడు.

గుడ్లగూబ ఎగిరిపోయింది. మేస్త్రి చేతిలో ఆఖరి ఇటుక అలాగే ఉండిపోయింది.

కింద పెద్ద చప్పుడు. పొగదారి బద్దలైంది. మేస్త్రి పరంజా మీదినుంచి సగం దిగి, సగం పడి, పరుగెత్తాడు. అతను పేర్చిన ఇటుకలను భుజాలతో తోసుకుంటూ, దుమ్ములోంచి ఆమె లేస్తోంది. లేచింది... ఇంకా లేస్తోంది... అతని తల వెనక్కి వాలేదాకా లేచింది. చిరిగిన బట్ట మోకాళ్ళకు వచ్చింది. నుదుటి మచ్చలు అలాగే ఉన్నాయి. కుడి చేతిలో తెల్లటి కపాలం. ఇప్పుడది నిండు మనిషి కపాలం.

"బతికావు," అన్నాడు. ఏడుస్తున్నాడు. "ఇంటికి పోదాం పద. గుమ్మం పగలగొడతా. ఇవాళే. నీకంటే మూరెడు ఎత్తు పెడతా."

ఆమె అతన్ని పైనుంచి చూసింది. పెళ్ళయిన ఇన్నేళ్ళలో మొదటిసారి మెడ వంచకుండా చూసింది.

"పెట్టుకో," అంది. "గుమ్మం తక్కువని కాదయ్యా నేను వంగింది. నీకు సంతోషమని."

కపాలాన్ని కొంగున కట్టుకుని, కూలీల మధ్యనుంచి నడిచి వెళ్ళిపోయింది. ఎవడూ పరాచికమాడలేదు. దారి వదిలారు.

మేస్త్రి గుమ్మం లేపాడు. చెప్పినట్టే మూరెడు ఎక్కువ లేపాడు. "ఇంత ఎత్తు ఎవరికి మేస్త్రీ?" అని మొదట్లో అడిగేవాళ్ళు. తరువాత అడగడం మానేశారు. వండుకుంటాడు, తింటాడు, మిట్టమధ్యాహ్నం గడపలో కూర్చుంటాడు.

ఆ గుమ్మంలోంచి ఎండ ఒక్కటే వంగకుండా లోపలికి వస్తుంది.