అగ్నిహోత్రుడుగారి భోజనం

"అగ్నిహోత్రుడుగారంటే ఎవరండీ?"

ప్రెస్సు గుమ్మంలో నిలబడి దీనమ్మ అడిగింది. పొద్దుటి పడవలో వచ్చింది. చేతిలో 'గౌతమీ దుందుభి' వారపత్రిక, కళ్లలో నిప్పులు. ఏసురాజు కళ్లు మాత్రమే చూశాడు, నిప్పులు చూడలేదు.

"మన వార్త చదివారన్నమాట! ఎలా ఉందండీ?"

"ముందు అడిగినదానికి చెప్పండి."

ఎఫ్.ఏ. పరీక్ష తప్పిన ఏసురాజు రాజమహేంద్రవరంలో పత్రికావిద్య నేర్చుకుంటున్నాడు. కాలేజీ, ప్రొఫెసరు, పరీక్షాధికారి అన్నీ ఎడిటరు పంతులుగారే. ఆయన మొదటి పాఠం ఇది: "చదవగానే అర్థమైతే అది వార్త కాదోయ్, కబురు. కబుర్లు చెప్పడానికి నువ్వెందుకు, నేనెందుకు?"

పంతులుగారు సరేనంటే సబెడిటరు ఉద్యోగం. ఆ ఉద్యోగం వచ్చాకే పెళ్లి మాట ఎత్తమన్నారు దీనమ్మ తండ్రి లాజరుగారు. అందుకని ఏసురాజుకి వ్యాకరణమంటే వల్లమాలిన భక్తి.

దీనమ్మ ద్రాక్షారామం పక్క పల్లెలో మిషను బడి పంతులమ్మ. ఆ మధ్య ఒక శనివారం ఆ తాటాకు బడి కాస్తా కాలిపోయింది. సెలవు గనక పిల్లలెవరూ లేరు. తొలకరి లోపల కప్పు పడకపోతే బడి ఎత్తేస్తామన్నారు మిషను దొరలు. "చుట్టుపక్కల వాళ్లు తలో మోపు తాటాకు ఇస్తే గట్టెక్కుతామండి, కాస్త పత్రికలో వెయ్యండి" అని దీనమ్మ బతిమాలి వెళ్లింది.

ఏసురాజు నిఘంటువు ముందేసుకుని ఇలా రాశాడు:

"మొన్నటి శనివారమున అగ్నిహోత్రుఁడు మిషను బాలికా పాఠశాలకు వేంచేసి, ఆఁకలి దీఱ నారగించి, శాంతించెను."

అది చదివి పంతులుగారు ఆనందంతో కళ్లు తుడుచుకున్నారు.

"అగ్నిహోత్రుడంటే నిప్పండి. ఆరగించడమంటే కాల్చెయ్యడం," అన్నాడు ఏసురాజు ఇప్పుడు, కొంచెం గర్వంగానే.

"అలాగాండీ! మావాళ్లకి తెలీదు కదండీ. ఎవరో బ్రాహ్మడు మన బళ్లో భోంచేశాడనుకున్నారండి! ఆదివారం గుళ్లల్లో మీ వార్త చదువుకుని, దేవుడికి స్తోత్రాలు చెప్పుకుని, అందరూ కలిసి తినే ప్రేమవిందు జరుగుతోందనుకుని విస్తళ్లు పట్టుకుని వచ్చేశారు."

"అయ్యబాబోయ్! ఎక్కడికండీ?"

"ఇంకెక్కడికి, బూడిద దగ్గరికి. మా పల్లె అప్పాయమ్మగారైతే నా చెయ్యి పట్టుకుని, 'ఆయన చెయ్యి కడుక్కున్న చోటేదమ్మా, ఒక్కసారి చూపించు' అనడిగింది."

ఏసురాజుకి నవ్వు రాబోయింది. అప్పుడు దీనమ్మ కళ్లలో నిప్పులు కనిపించి ఆ నవ్వు ఆగిపోయింది.

"మీరు రాస్తారని ఊరంతా గొప్పగా చెప్పుకున్నానండి. వానలొస్తే నా పిల్లలెక్కడ కూర్చుంటారు?"

ఆవిడ పత్రిక బల్లమీద పడేసి వెళ్లిపోయింది. ఏసురాజుకి తలెత్తుకోలేనంత సిగ్గేసింది. నిఘంటువు మూసి, కాగితం తీసి నాలుగు లైన్లు రాశాడు.

"మిషను బడి కాలిపోయింది. వానలు వస్తున్నాయి. తలో మోపు తాటాకు ఇవ్వండి. పిల్లలు కూర్చోవాలి."

పంతులుగారు కళ్లజోడు పైకి తోశారు.

"ఏంటిది? వంకాయలమ్మే భాష! ఇదే నీ రాతైతే నీకిక్కడ ఉద్యోగం లేదు."

"ఉద్యోగం వద్దండి. ఆ నాలుగు లైన్లూ వెయ్యండి చాలు."

తన నోట్లోంచి ఆ మాట ఎలా వచ్చిందో ఏసురాజుకే తెలియలేదు. దాంతోపాటు దీనమ్మ కూడా చేజారిపోతుందని మాత్రం బాగా తెలుసు.

"చచ్చినా వెయ్యను!" అన్నారు పంతులుగారు.

వేశారు. సత్యం కోసం కాదు. తలనూనె కంపెనీవాళ్లు పెద్ద ప్రకటన పంపారు. అది పేజీనంతా మింగేసి, అడుగున నాలుగు లైన్ల జాగా వదిలింది. నాలుగు లైన్లలో పంతులుగారు దగ్గడం కూడా పూర్తి చెయ్యలేరు. అంత చోటులో పట్టేది ఏసురాజు రాసిందొక్కటే.

ఆ వారమంతా పడవల మీద, బండ్ల మీద తాటాకు వస్తూనే ఉంది. విస్తరి పట్టుకొచ్చిన అప్పాయమ్మగారే నెత్తిన మోపు పెట్టుకుని వచ్చి, "ఈ ముక్క ముందే చెప్పొచ్చు కదయ్యా!" అని ఏసురాజుని చీవాట్లు పెట్టింది. అతనప్పటికే బడి దగ్గర నిచ్చెనెక్కి కప్పు కడుతున్నాడు. "క్లుప్తంగా రాయడం నేనే నేర్పాను" అని పంతులుగారు ఊరంతా చాటుకుని, ఉద్యోగం ఇచ్చేశారు.

తొలకరి కురిసిన రోజున ఏసురాజు బడికి వచ్చాడు. బయట వాన దంచేస్తోంది. లోపల ఒక్క చుక్క లేదు. దీనమ్మ పైకప్పు చూసి మురిసిపోతోంది.

ఏసురాజు గొంతు సవరించుకున్నాడు. "ఓ దీనమ్మగారూ! మదీయ హృదయ కుహరాంతరమున..."

"ఆగండాగండి. నాలుగు లైన్లే జాగా ఉందండి."

అతను చెవులదాకా ఎర్రబడ్డాడు.

"మీరంటే నాకు ప్రాణమండి. మనం పెళ్లి చేసుకుందామండి."

"రెండు లైన్లే అయ్యాయి," అంది దీనమ్మ, నవ్వు దాచుకోవడం చేతకాక.

"మరి మిగతా రెండూ?"

"మా నాన్నగారికి చెప్పండి. అర్థమయ్యేలా."