గుమ్మడి నూనె ఏ రంగు?

ఉదయం ఎనిమిదింటికి ఇన్‌స్పెక్టర్ షెడ్డుకి వచ్చాడు. నైట్ డ్యూటీ దిగి ఇంటికి పోవాల్సిన మనిషి. కళ్ళు మండుతున్నాయి.

శవం లేదు. రక్తం లేదు. ఒక నూనె క్యాను పోయింది.

"నూనె క్యానుకి ఇన్‌స్పెక్టరెందుకమ్మా?"

"గుమ్మడి గింజల నూనె సార్ అది," అంది షెడ్డు యజమానురాలు. "కూరగాయల ఫ్యాక్టరీ పారేసే గింజలు తెచ్చి, నేనే ఆడించాను. సాయంత్రం ల్యాబ్ వాళ్ళు శాంపిల్‌కి వస్తారు. వంటకి పనికొస్తుందని వాళ్ళు తేలిస్తేనే ఫ్యాక్టరీ గింజలిస్తుంది. లేకపోతే అవి పశువుల దాణాకి పోతాయి. నా షెడ్డు మూతే."

తలుపు తాళం చెక్కుచెదరలేదు. కీళ్ళ స్క్రూలు ఊడదీశారు.

"ఆ నూనె ఎవరు చూశారు?"

"నిన్న సాయంత్రం ఒక్కసారి మూత తీసి ముగ్గురికి చూపించి, సీల్ వేశాను. చుక్క కూడా ముట్టుకోనివ్వలేదు."

ఆమె తన సంచిలోంచి చిన్న సీసా తీసింది. మిగిలింది అదే, శాంపిల్‌కి చాలదు. మూత చుట్టూ జిడ్డు. ఇన్‌స్పెక్టర్ వేలు రుమాలుకి తుడుచుకున్నాడు. రుమాలు వంక కాసేపు చూశాడు.

ముగ్గురినీ పిలిపించాడు.

"రాత్రి నిద్రపోయావా?" వాచ్‌మన్‌ని అడిగాడు.

"కళ్ళు మూసుకున్నా సార్. నిద్రపోలేదు."

"నూనె ఎలా ఉంది?"

"నల్లగా, ఎర్రగా. ఇంజనాయిల్ అనుకున్నా."

దాణా వ్యాపారి నవ్వాడు. "నాకా ఎర్ర నూనె ఎందుకు సార్? దొంగతనమే చేస్తే గింజలు ఎత్తుకుపోనూ?"

మూడోవాడు ఆమె అన్నయ్య. వేరుశనగ నూనె మిల్లు నడుపుతాడు. కిందటేడు దాకా చెల్లెలూ అక్కడే పనిచేసింది.

"ఆకు పసరులా పచ్చటి నూనె సార్. ఎవరు తింటారు? పిచ్చిమొహం, చెప్తే వింటేనా!"

ఇన్‌స్పెక్టర్ సీసా పైకెత్తాడు. నూనె నల్లటి ఎరుపు. తెల్ల పళ్ళెంలో ఒక చుక్క వేసి వేలితో పలచగా రాశాడు.

పచ్చ.

"క్యాను నిండా ఉంటే ఎరుపు. పలచగా రాస్తేనే పచ్చ. మీరు వేళ్ళతో రుద్ది చూశారు. మిల్లు మనిషి కదా, నూనె కనబడితే రుద్దకుండా ఉండలేరు. సీల్ వేసిన నూనె మీ వేళ్ళకెలా అంటింది?"

అన్నయ్య నేల మీద చతికిలబడ్డాడు.

"మిల్లు బాయిలర్‌లో పోసి కాల్చేశాను."

"ఎందుకన్నయ్యా?" అడిగింది చెల్లెలు.

"ఇది పోతే మళ్ళీ మిల్లుకి వస్తావనుకున్నా. ఒక్కణ్ణే లాగలేకపోతున్నానే. పొద్దున లేవాలంటే భయమేస్తోంది."

ఇన్‌స్పెక్టర్‌కి ఆ భయం తెలుసు. దానికి సెక్షన్ లేదు.

"కేసు రాయమంటారా?"

ఆమె మూలనున్న గింజల బస్తా వంక చూసింది. ఒక్కటే మిగిలింది.

"రాయండి సార్. కానీ అన్నయ్యని సాయంత్రం తీసుకెళ్ళండి. ల్యాబ్ వాళ్ళు వచ్చేలోగా నూనె మళ్ళీ ఆడించాలి. మాడకుండా గింజలు వేయించాలంటే ఒక చెయ్యి చాలదు." అన్నయ్య వైపు తిరిగింది. "లే. పొయ్యి వెలిగించు. మిల్లుకి మాత్రం రాను."

అతను లేచాడు.

ఇన్‌స్పెక్టర్ గోడకి చేరగిలబడి బూట్లు విప్పుకున్నాడు.