మొదటి తరం కారు, రెండో తరం ఇంజను

రాజాంలో నగరేశ్వరరావు గారి స్పేర్‌పార్టుల కొట్టుకి ఒక చట్టం ఉంది. పాత సామాను తెచ్చి చూపిస్తేనే కొత్తది ఇస్తారు. పేరు చెబితే చాలదు. ఆ రోజు పొద్దున్న కూడా షట్టరు ఎత్తీ ఎత్తగానే వచ్చిన బేరాన్ని ఆయన వెనక్కి తిప్పేశారు.

"బ్రేకు షూ అంటే బ్రేకు షూయే కదండీ!" అన్నాడు వచ్చినవాడు.

"పేరొకటైతే సరిపోద్దేటి? ఏ ఏడు బండో, ఏ షూవో! పాతది ఇప్పుకొని రా. రెండూ పక్కపక్కన పెట్టి సూసుకొని పట్టుకెల్దువు గాని."

తర్వాత టిఫినుకి మేడ మీదికి వచ్చారు. భార్య హైమ వడ్డించిన ఉప్మా తింటూ, పాల ప్యాకెట్ల సంగతి చెప్పినంత తేలిగ్గా చెప్పారు.

"పదకొండింటికి నూకయ్య వస్తాడు. సెడ్డులో కారూ ఇంజన్లూ పాత ఇనుముకి ఇచ్చెస్తన్నాను. సోమవారం నుంచి భరణి విజయనగరంలో బ్యాంకు కోచింగుకి ఎల్తాది."

మెకానికల్ డిప్లొమా చేసిన కూతురు భరణి ఉప్మా ప్లేటు పక్కకి నెట్టేసింది. కొట్టు వెనక రేకుల షెడ్డులోని ఆ రెండు సీట్ల స్పోర్ట్స్ కారుని ఆయన కుర్రతనంలో ముచ్చటపడి తెచ్చుకున్నారు. మొదటి తరం మోడలు. దాని ఇంజను చెడిపోతే దాన్ని దించి షెడ్డులోనే ఓ మూల పడేసి, పన్నెండేళ్ల కిందట రెండో తరం మోడలు ఇంజను తెప్పించారు. గేరుబాక్సు కలిసింది. తీరా కిందికి దించబోతే ఇంజను అడుగున నూనె నిలిచే చాంబరు కారు అడ్డకమ్మీకి తగిలి ఆగిపోయింది. అప్పటికే ఆయన ఊరంతా గొప్పలు చెప్పుకున్నారు. ఊరు ఊరుకుంటుందా? "కారెప్పుడు తీస్తారు?" అని ఏడాది పాటు ఏడిపించింది. ఆయన షెడ్డుకి తాళం వేసి, ఈ తరం ఇంజను ఆ తరం కారుకి ఛస్తే సరిపోదని తీర్పు చెప్పేశారు. ఆయన తీర్పుకి ఇంట్లో అప్పీలు లేదు.

"నేను ఎల్లను నాన్నా," అంది భరణి. "ఆ ఇంజను ఆ కారుకి సరిపోద్ది. దాన్ని నడిపించి, ఆ సెడ్డులోనే నా పని మొదలెడతాను."

"ముప్పయ్యేళ్లు సామాన్లమ్మినోడికి తెలీదా?"

"తెలీదు."

"ఒసే, ఏటా మాటలు?" అని హైమ కేకేసింది. భరణి అప్పటికే మెట్లు దిగిపోయింది.

పదకొండింటికి నూకయ్య ట్రాలీ ఆటోతో వచ్చేసరికి షెడ్డు తలుపులు బార్లా తెరిచి ఉన్నాయి. కారుకి అడ్డంగా భరణి కూర్చుని ఉంది. మోచేతుల దాకా గ్రీజు.

నగరేశ్వరరావు బిత్తరపోయారు. "తాళం ఎవలిచ్చేరు నీకు?"

"అది తర్వాత సెప్తాను. ముందు ఇలా వచ్చి సూడు."

"నూకయ్యా, దాని మాట ఇనకు. ఎత్తు."

భరణి స్పానరు పట్టుకుని లేచింది. "ముట్టుకున్నావంటే ఊరుకోను బాబాయ్!"

"తండ్రీకూతుళ్లు తేల్సుకోండి, నేను టీ తాగొస్తాను," అని నూకయ్య జారుకున్నాడు.

"నన్ను ఊళ్లో మళ్లీ నవ్వులపాలు సేస్తావేటే?" అన్నారాయన. అసలు బాధ అదే మరి.

"ఈసారి నన్ను సూసి నవ్వనీ! నాకేటి భయం? పాతది పక్కన పెట్టకుండా బ్రేకు షూ కూడా ఇవ్వవే, మరి ఈ ఇంజను ఎలా తెచ్చేవు? సెప్పు."

ఆయన చూపు కొత్త ఇంజను మీదికి పోయింది.

"ఫోన్లో పేరు సెప్పి తెచ్చేవు. మూత మీద పేరొకటే ఉన్నాదని అదే ఇంజను అనుకున్నావు. పాతదాని పక్కన పెట్టి ఒక్కసారైనా సూసేవా?"

నేల మీద పాత పేపరు పరిచి, రెండు ఇంజన్ల చాంబర్లూ విప్పి పక్కపక్కన పెట్టి ఉంచింది. "ఇటు సూడు. పాతదానికి లోతు ఎనక్కి ఉన్నాది. కొత్తదానికి ముందుకి. అదే కమ్మీకి తగిలింది. కానీ అంచు మీద బోల్టు కన్నాలు ఒకటే. పాత చాంబరూ, అందులో నూనె పీల్చే గొట్టమూ కొత్త ఇంజనుకి బిగిస్తే సాలు. ఇంజన్ని నడిపే కంప్యూటరూ వైర్లూ కొత్తదానివే ఉంచేస్తాను."

నగరేశ్వరరావు గొంతుక్కూర్చున్నారు. కొట్టులో రోజూ చేసినట్టే ఒకదాని మీద ఒకటి బోర్లించారు. చిటికెన వేలు ఒక్కొక్క కన్నంలో పెట్టి చూసుకుంటూ చుట్టూ వచ్చారు. ఒక్కటి కూడా తప్పలేదు. చివరి కన్నం దగ్గర ఆయన కళ్లలోంచి నీళ్లు జారిపోయాయి.

"పన్నెండేళ్లు ఇంజన్ని తిట్టేనమ్మా. తప్పు నాది."

అంతలో నూకయ్య తిరిగొచ్చాడు. "ఎత్తమంటారా బాబూ?"

"ఎత్తు. ఇంజన్ని. పైనున్న ఆ చైన్ బ్లాకు గొలుసు లాగు."

ఆ మధ్యాహ్నం ఎవరికీ అన్నం గుర్తు రాలేదు. భరణి చాంబరు బిగించింది. నూకయ్య గొలుసు వదులుతుంటే ఇంజను అంగుళం అంగుళం దిగింది. అడ్డకమ్మీ దగ్గర ముగ్గురూ ఊపిరి బిగబట్టారు. అది తగలకుండా దిగి, మౌంటింగుల మీద కూర్చుంది. మొదటి బోల్టుని భరణి వేళ్లతోనే తిప్పింది. అది సుతారంగా లోపలికి పోయింది.

నగరేశ్వరరావు ముఖం తుడుచుకుని, మొలతాడుకి కట్టుకున్న తాళంచెవి విప్పారు. "సోమవారం ఎక్కడికీ ఎల్లక్కర్లేదు. సెడ్డు నీదే. ఇదిగో, నీ దగ్గరే ఉంచు."

భరణి అందుకోలేదు.

"నువ్వే ఉంచుకో నాన్నా. పది రోజుల కిందే నువ్వు నిద్రపోతన్నప్పుడు సబ్బు మీద అచ్చు తీసి, నేను మారుతాళం సేయించేసుకున్నాను."

ఆయన ఏడుస్తూనే పెద్దగా నవ్వేశారు.