ముందే కదిలిన బొమ్మ

సైనిక్‌పురిలో తాతారావు గారింటికి అమీనా వెళ్లేసరికి సాయంత్రం ఐదున్నర. ముసురు పట్టి అప్పుడే చీకటి పడినట్టుంది. ఆరింటికి ఆయన కూతురు రాధిక వీణ కచేరీ వైజాగ్ నుంచి లైవ్‌లో వస్తుంది. అది వచ్చే యాప్ ఏమో టీవీలో నెట్ చూడటానికి పెట్టిన స్టిక్‌లో ఎక్కడం లేదు. ఇంటింటికీ వెళ్లి ఇలాంటివి సరిచేయడమే అమీనా పని.

"మోకాలి ఆపరేషన్ అయిందని మా ఆవిడ నన్ను రానివ్వలేదమ్మా. తనొక్కతే వెళ్లింది. ఎలాగైనా చూపించు."

"మీ ఫోన్‌లో కనిపించేది టీవీలో వచ్చేట్టు కలుపుతా అంకుల్. జెర ఆగండి."

ఫోన్‌ని టీవీ ముందు నిలబెట్టి, పరీక్షకని కెమెరా తెరిచి, సోఫా పక్కకొచ్చి నిలబడింది. టీవీలో అదే హాలు. సోఫాలో ఆయన, పక్కన తను. గదిలో తడి సున్నం వాసన. కిటికీ రేకు మీద చినుకుల చప్పుడు.

టీవీలో ఆయన కళ్లజోడు తీశాడు.

అమీనా పక్కకి చూసింది. కళ్లజోడు ఆయన ముక్కు మీదే ఉంది. కాసేపటికి... ఆయన చెయ్యెత్తి దాన్ని తీశాడు.

ఇలా కలిపినప్పుడు బొమ్మ కాస్త వెనకబడటం ఆమెకు అలవాటే. ముందు రావడం ఎక్కడా చూడలేదు.

టీవీలో ఆయన లేచాడు. చేతికర్ర జారింది. టీపాయ్ అంచుకు తల కొట్టుకుంది. ఇక కదల్లేదు...

"లైటు వేస్తానుండమ్మా," అంటూ పక్కనున్న ఆయన లేస్తున్నాడు.

"వద్దంకుల్!"

కర్ర జారింది. అమీనా ఒక్క ఉదుటున ఆయన్ని పట్టుకుని సోఫాలో కూర్చోబెట్టింది.

"పడతానని నీకెలా తెలుసమ్మా?"

ఆమె టీవీ దగ్గరికి పరుగెత్తింది. ప్లగ్గు పీకేసింది. తెర ఆరలేదు. అందులో ఆయన నేల మీదే పడి ఉన్నాడు. పక్కన కూర్చుని అమీనా ఏడుస్తోంది.

"అదేమిటి... అది నేనేనా?" గుసగుసగా అడిగాడాయన.

అమీనా వెనక్కి వచ్చి ఆయన చెయ్యి గట్టిగా పట్టుకుంది. "అటు చూడకండి అంకుల్."

తెరలోని అమీనా ఏడుపు ఆపింది. తలెత్తి వీళ్లిద్దరినీ చూసింది. తర్వాత వంగి, పడి ఉన్న మనిషి చెవిలో ఏదో చెప్పింది.

తెరలో ఆయన కళ్లు తెరిచాడు.

ఇవతల అమీనా పట్టుకున్న చెయ్యి చల్లబడుతోంది... వేళ్లు ఒక్కొక్కటే వదులవుతున్నాయి.

"అమ్మా," అన్న తాతారావు గారి గొంతు టీవీలోంచి వచ్చింది.